నీళ్ల కారు

మొన్న నా కారును సర్వీసింగుకు ఇద్దామని అనంతపురంలో ఒక షోరూముకు వెళితే, అద్దాల గదిలో సోఫా చూపించి, చల్లటి గాలిలో కూర్చోబెట్టి, కాగితపు కప్పులో కాఫీ ఇచ్చారు. బండి ఎటు పోయిందో, దాని బానెట్ ఎవరు ఎత్తారో ఏమీ కనపడలేదు. అంతలో ఎవరో లోపలి తలుపు తీసుకుని వచ్చారు. వాళ్ల వెనకే కిరసనాయిల్లో కడిగిన ఇనుము వాసన ఒక్క క్షణం వచ్చి, తలుపు మూసుకోగానే ఆగిపోయింది. ఆ ఒక్క క్షణం చాలు, నేను ధర్మవరంలో మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో, రేకుల పందిరి కింద, నాయన విప్పిన మరలను సైజు ప్రకారం పాత పంచె మీద వరుసగా పేరుస్తున్న పదేళ్ల పిల్లనైపోయాను.

మాది మగ్గం ఇల్లు. వీధి మొత్తం మగ్గాలే కాబట్టి పొద్దున లేవగానే వినపడేది కాకుల అరుపు కాదు, ఒక ఇంటి తర్వాత ఒక ఇంట్లో మొదలయ్యే మగ్గాల చప్పుడు. నాయన గుంతలో కాళ్లు దించుకుని కూర్చుని నేస్తుంటే, అమ్మ గోడకు ఆనుకుని రాట్నం మీద కండెలకు పట్టు చుట్టేది, అవ్వ వాకిట్లో బొరుగులు నీళ్లలో తడిపి, గట్టిగా పిండి, పొద్దుటి ఉగ్గానికి సిద్ధం చేస్తూ, ఆ చేత్తోనే ముక్కుపొడి డబ్బీ వెతుక్కునేది. ఆషాఢం గాలి వచ్చిందంటే వీధి చివర నుంచి ఎర్రమట్టి లేచి వచ్చి పట్టు మీద పడుతుందని కిటికీలకు గోనెపట్టాలు కట్టేవాళ్లు. చెనిక్కాయలు, అదే వేరుశనగ, పీకే రోజుల్లో ఊరి చుట్టూ పచ్చి చెట్టు వాసన, ఇంట్లో రాగిసంగటి మీదికి ఊరిబిండి, వీధిలో బొంగరాలు, అరుగుల మీద అచ్చనగండ్లు. వానలు పడిన ఏడు ఇవన్నీ ఉండేవి. పడని ఏడు గాలి ఒక్కటే ఉండేది.

ఇలాంటి ఇంటికి అమెరికా కారు ఎలా వచ్చిందంటే, అది నాయన చిన్నప్పటి ఆశ. నూనె మిల్లు యజమానికి ఒక పెద్ద కారు ఉండేదట. ముందు మెరిసే పళ్లలాంటి కడ్డీలు, పడవంత పొడుగు. అది మా వీధిలో నుంచి పోతుంటే పిల్లలందరూ దుమ్ములో వెనక పరిగెత్తేవాళ్లట. నాయన పెద్దవాడై, మంచి నేతగాడని పేరు తెచ్చుకునేసరికి ఆ కారు మిల్లు వెనక షెడ్డులో చక్రాలు లేకుండా కూర్చుని, దాని సీట్లో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. ఆ యజమాని కూతురి పెళ్లికి నాయన మూడు నెలలు కూర్చుని ఒక చీర నేశాడు. చీర చూసి ఆయన మురిసిపోయి ఏం కావాలో అడుగు అంటే, నాయన షెడ్డు వైపు చూపించాడు. దానికి ఎక్కడివో పాత చక్రాలు తగిలించి, ఎద్దుల బండికి కట్టి లాక్కొచ్చిన రోజు అమ్మ వీధి తలుపు వేసుకుని లోపల కూర్చుంది. ఆ చీరకు వచ్చే డబ్బుతో ఇంటి పైకప్పు మార్చుకుందామని ఆమె పెట్టుకున్న ఆశ వేరే.

అప్పటి నుంచి ఆరేళ్లు, మగ్గానికి సెలవైన ప్రతి అమావాస్య రోజూ, ఎండ తగ్గిన ప్రతి సాయంత్రమూ నాయన ఆ కారు కిందే. ఆయనకు గురువు ఖాదర్ మామ. జీవితమంతా లారీలు తోలి, మోకాళ్లు అరిగి, మా వెనక వీధిలో మంచం మీద బీడీ కాలుస్తూ కూర్చునే మనిషి. కారు సంగతి విన్న రోజే కర్ర పట్టుకుని వచ్చి, బానెట్ ఎత్తి, ఆరు సిలిండర్ల ఇంజనును చాలాసేపు చూసి, "ఇంజను బతికే ఉండాదప్పా. ఒళ్లే సచ్చిపోయింది" అన్నాడు. విడిభాగాలు ఎక్కడా దొరికేవి కావు. నీళ్ల పంపుకు ఇత్తడి బుష్షు కావాలంటే, గుంతకల్లులో ఇంటి దగ్గర లేత్ మిషన్ పెట్టుకున్న ఖాదర్ మామ బామ్మర్ది కొలత చూసి చెక్కి ఇచ్చేవాడు. రబ్బరు ముక్కలు లారీ ట్యూబుల నుంచి కోసుకునేవాళ్లు. ఆ కారులో ఆరు వోల్టుల బ్యాటరీ ఉండేదట, అది దొరకదని లారీ బ్యాటరీ పెట్టి, దానికి తగ్గట్టు బల్బులన్నీ మార్చారు. లోపలి తీగల మీది గుడ్డ తొడుగు ఎలుకలు తినేస్తే, నాయన ఒక్కొక్క తీగకూ నూలు అల్లి, లక్క పూసి ఎండబెట్టాడు. ఆ పని చూసి ఖాదర్ మామ, నలభై ఏళ్లలో ఇంత అందమైన వైరింగు చూడలేదన్నాడు. సీట్ల గుడ్డ కూడా మా మగ్గం మీదే నేశాడు, వంకాయ రంగుకు సన్న అంచు. అద్దం తుడిచే కడ్డీలు ఆడడం లేదని రెండు నెలలు వాటితో కుస్తీ పట్టినప్పుడు మాత్రం అమ్మ ఊరుకోలేకపోయింది. "వాన యాడుండాదని తుడుస్తావయ్యా?" అంది. నాయన కారు కింద నుంచి బయటికి రాకుండానే నవ్వాడు.

నాకు పేర్చే పని, కడిగే పని, అన్నిటికంటే ముఖ్యంగా తొక్కే పని ఉండేది. బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీయాలంటే ఒకరు పెడలు తొక్కాలి, ఒకరు కింద మర విప్పాలి. నేను స్టీరింగు పట్టుకుని నిలబడి నా బరువంతా కాలి మీద వేసేదాన్ని. "తొక్కు పాపా... అట్లే పట్టుకో... వదులు." ఈ మూడు మాటలే గంటసేపు. వీధి పిల్లలు కుంటాటకు పిలుస్తున్నా నాకు కదలబుద్ధయ్యేది కాదు. దసరాకు మగ్గానికీ కారుకూ కలిపి పూజ చేసేవాళ్లం. మగ్గానికి పెట్టినన్ని బంతిపూలు కారుకు పెట్టకపోతే నేను అలిగేదాన్ని.

కారు నడిచిన ఏడాది ఉగాదికి నాయన అవ్వను కొత్తచెరువులో మా అత్త ఇంటికి తీసుకుపోయాడు. అవ్వ చెప్పులు బయట విడిచి, నేల తాకి కళ్లకు అద్దుకుని వెనక సీట్లో కూర్చుంది. ఆ చెప్పులు వాకిట్లోనే ఉండిపోయాయని ఊరు దాటాక గుర్తొచ్చింది. ఒళ్లో ఓళిగల గిన్నె, పక్కన నేనూ అమ్మా, ముందు ఖాదర్ మామ. నాయన ఒంటి మీద చొక్కా పెళ్లినాటిది. కిటికీలోంచి వచ్చే గాలికి అవ్వ తెల్ల వెంట్రుకలు ముడి వీడి ముఖం మీద పడుతుంటే ఆమె సర్దుకోను కూడా లేదు. సగం దారిలో ఒక ఎత్తు ఎక్కుతుండగా రేడియేటరు పొగలు కక్కింది. చల్లారేదాకా రోడ్డు పక్కన ఆగితే, గొర్రెలు మేపుకుంటున్న ఒకాయన మంద వదిలేసి వచ్చి చుట్టూ తిరిగి చూశాడు.

"ఇది యాడిదప్పా?"

"అమెరికాదన్నా" అన్నాడు నాయన.

"అంత దూరం నుంచి తోలుకొని వచ్చినావా?"

"ఊ. ఆరేండ్లు పట్టింది."

ఖాదర్ మామ నవ్వి నవ్వి దగ్గుతో ఒరిగిపోయాడు. ఆ రోజు అమ్మ కూడా నవ్వింది. కారు విషయంలో అమ్మ నవ్వడం నేను చూసింది అదే మొదలు.

ఆ తర్వాత వచ్చిన రెండేళ్లు వానలు లేవు. చెనిక్కాయ విత్తనం భూమిలోనే మాడిపోయింది. మేత లేక జనం ఎద్దులను సంతకు తోలారు. మా వీధి చేతిపంపు గాలి మింగుతూ కీచుమనేది. ట్యాంకరు ఎప్పుడు వస్తుందో తెలియక ఆడవాళ్లు తెల్లారకముందే బిందెలు వరుసలో పెట్టి పక్కన కూర్చునేవాళ్లు. ఒకరోజు ట్యాంకరు వచ్చినప్పుడు జరిగిన తోపులాటలో అమ్మ కింద పడింది. కుడి మణికట్టు విరిగింది. నాటువైద్యుడు గుడ్డు సొన పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు. కండెలు చుట్టే చెయ్యి అది. మగ్గం ఆగిపోయింది.

ముదిగుబ్బ దారిలో ఒక రైతు తోటలో బోరు ఇంకా నీళ్లు పోస్తోంది. ఎవరు వచ్చినా ఆయన కాదనడు, కానీ అంత దూరం నుంచి తెచ్చుకోవడానికి వీధిలో ఎద్దులే లేవు. నాయన మొదట డిక్కీలోనూ వెనక సీట్లోనూ బిందెలు పెట్టి తెచ్చాడు. సగం నీళ్లు సీట్లపాలయ్యాయి, బిందెలు పదికి మించి పట్టలేదు. రెండు రోజులు ఆయన కారు చుట్టూ తిరిగాడు. మూడో రోజు అన్నం తింటూ, ముందు సీటు వెనక నుంచి కారును కోసేసి, ఇనుప నేల వేసి, డ్రమ్ములు పెట్టుకుంటానన్నాడు.

ఆరేళ్ల పాటు ఆ కారును తిట్టిన అమ్మ చేతికట్టుతో ఆయన ముందుకు వచ్చి కూర్చుంది. "ఏమయ్యా, దాన్ని కొయ్యాకు. నా చెయ్యి నెలకు అతుక్కుంటాది. అది మళ్లా అతుక్కోదు."

"నెలకు నీళ్లొస్తాయా?" అన్నాడు నాయన.

ఖాదర్ మామకు చెబితే, బీడీ ఆర్పేసి, "వెల్డింగు షాపు కాడికి నేను రానప్పా. నువ్వు పో" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను వెళ్లాను. నాయన సీట్ల గుడ్డ ముందే విప్పి మడిచి అవ్వ మంచం మీద పెట్టి వచ్చాడు. సుద్దముక్కతో కారు నడుము మీద అటు నుంచి ఇటు గీత గీశాడు. నేత ముగిసిన చీరను మగ్గం నుంచి కోసే ముందు వేలితో చూసుకునేంత నిదానంగా, వంకర లేకుండా గీశాడు. గ్యాసు మంట తగిలి, ఆయన మూడుసార్లు పూసిన రంగు బొబ్బలెక్కి మాడి వాసన వచ్చింది. నేను ముఖం తిప్పుకున్నాను. నాయన తిప్పుకోలేదు. వెనక భాగం ఊడి కింద పడ్డాక దగ్గరికి వెళ్లి, కోసిన అంచులు ఎవరికీ గీరుకోకుండా ఆకురాయితో నున్నగా రాశాడు.

వెనక స్ప్రింగులకు జీపు పట్టీలు జోడించాడు. నిండు డ్రమ్ములతో ఎత్తు ఎక్కితే ఇంజను వేడెక్కుతోందని లారీ రేడియేటరు బిగించాడు. దాని కోసం ముందున్న మెరిసే కడ్డీలు సగం తీసేయాల్సి వచ్చింది. వారం గడిచాక ఖాదర్ మామ కర్ర టకటకమనిపించుకుంటూ వచ్చి, ఏమీ ఎరగనట్టు, "రెండో గేరులోనే ఎక్కించు, క్లచ్చు మీద కాలు పెట్టాకు" అని పాఠం మొదలుపెట్టాడు. అలా రెండు ఎండాకాలాలు ఆ కారు రోజుకు మూడుసార్లు పోయి వచ్చింది. దాని హారను వినపడగానే ఇంటికి నాలుగు బిందెల లెక్కన ఆడవాళ్లు వరుసకట్టేవాళ్లు, తోపులాట లేకుండా. దానికి నీళ్ల కారని పేరు పడింది.

పాత కార్లు సేకరించే బెంగళూరు ఆయన ఒకరు, కారు బాగుపడిన కొత్తలో వచ్చి, అమ్ముతారా అని అడిగి వెళ్లాడు. ఆయన రెండో ఎండాకాలం మళ్లీ వచ్చాడు. కారు చూసి తల పట్టుకున్నాడు.

"అయ్యయ్యో, పాడు చేసుకున్నారే."

"పాడు కాలేదు సార్. నడుస్తాండాది కదా" అన్నాడు నాయన, కొంచెం ఆశ్చర్యంగా. ఆయన వెళ్లిపోయాక కూడా, ఆ మనిషికి ఏం పాడైనట్టు కనిపించిందో నాయనకు నిజంగానే అర్థం కాలేదని నాకు అనిపించింది.

వానలు మళ్లీ పడ్డాయి. ఇంకొన్నేళ్లకు వీధికి పైపులు వచ్చాయి. నేను కాలేజీలో చేరాను. ఒకటి రెండుసార్లు నాయన ఆ మొండి కారులోనే నన్ను దింపితే, తోటి పిల్లలు నన్ను నీళ్ల కారు పిల్ల అన్నారు. "నాయనా, మలుపు కాడే ఆపు, నేను నడిచి పోతా" అన్నాను. మర్నాడు మలుపు దగ్గరే ఆపాడు. ఆ మర్నాడు బస్సుకు చిల్లర ఇచ్చాడు. ఆ సంగతి మేమిద్దరం మళ్లీ ఎప్పుడూ ఎత్తుకోలేదు. ఇవాళ ఆ మాట వెనక్కి తీసుకుందామన్నా ఆయన లేడు.

ఖాదర్ మామ పోయాక కారు కదలడం తగ్గింది, తర్వాత ఆగిపోయింది. పందిరి ఉన్న చోట గది కట్టాల్సి వచ్చినప్పుడు పాత ఇనుము కొనేవాళ్లను పిలిపించాం. వాళ్లు సుత్తెలతో దిగబోతే నాయన వద్దన్నాడు. ఎనిమిది రోజులు కూర్చుని, స్పానర్లతో ఒక్కొక్క మరా విప్పి, కిరసనాయిల్లో కడిగి, తుడిచి, సంచుల్లో వేసి తానే అప్పగించాడు. ఆయనకు చూపు తగ్గింది కాబట్టి ఏ మర ఏ సైజో నేను చెబుతూ వచ్చాను.

ఈ ఏడు ఒక పెళ్లికి ఆ వీధికి వెళ్లాను. మగ్గాల గుంతలు పూడ్చి చాలా ఇళ్లకు పాలరాళ్లు పరిచారు. మరమగ్గాల మోత ఎక్కడో దూరంగా ఒక షెడ్డులో నుంచి వస్తోంది. చేతిపంపు లేదు. ఎద్దులు లేవు, చెనిక్కాయ కట్టెల వాసన లేదు, అరుగులే లేవు. మా ఇల్లు వేరేవాళ్లది. వీధి చివరి ఇంట్లో నరసమ్మక్క మాత్రం ఉంది. ఆ కరువు రోజుల్లో ఆమె చంటిబిడ్డతో ఉన్న కొత్త కోడలు. కుళాయి దగ్గర బిందె పెట్టుకుని కూర్చుని, నన్ను గుర్తుపట్టి, చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. మాటల్లో నాయన వచ్చాడు, కారు వచ్చింది.

"ఆ కార్లో ఎనక సీట్లో కూసోని, ఒక్కసారి నా బిడ్డను మా అమ్మోళ్ల ఊరికి తీస్కపోవల్లని నాకు శానా ఆశ ఉండె పాపా. మీ నాయన కోస్తాడంట అని తెలిసిన దినం, పోయి అడుగుదామని మీ వాకిలి దాకా వచ్చి మళ్లుకున్యా."

"అడిగి ఉండాల్సింది కదక్కా."

"అడిగింటే ఆయప్ప కోసేటోడు కాదు" అంది నరసమ్మక్క, నిండిన బిందె పక్కకు జరిపి ఖాళీది కుళాయి కింద పెడుతూ.