తల్లి మేలుకునే పేజీలు

నా నోట మాట పెట్టినవాడికి, చెప్పాల్సిన మాట ఇన్నేళ్లు మింగేసినా నా ఊపిరి తీయనివాడికి ముందుగా స్తోత్రం.

ఒక బరువు ఉంది నా మీద. ప్రతి ఆదివారం దాన్ని మందిరంలోకి మోసుకుపోతాను, మళ్లీ మోసుకుంటూ ఇంటికి వస్తాను. సాక్ష్యం చెప్పమంటే లేచి వేరేవేవో చెబుతాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పటికి నాకు పెళ్లి కాలేదు. గురజాలలో మా సంఘం పిల్లలకు సండే స్కూల్ చెప్పేదాన్ని. వాళ్లలో కరుణ అనే పిల్లకు సత్తెనపల్లి నుంచి వాళ్ల బాబాయి ఒక నవల తెచ్చిచ్చాడు. మాయలోకాల కథ. మంత్రగాడు ఒక తల్లిని రాయిగా మార్చేస్తే, ఆమెను బతికించుకోవడానికి కూతురు లోకాలు దాటి తిరుగుతుంది. ఆ పుస్తకం పిల్లల చేతులు మారుతూ తిరిగింది. అవి మిరప కోతల రోజులు. కోతకు పోయొచ్చిన వేళ్లతోనే తిప్పేవాళ్లేమో, పేజీల అంచులు ఎర్రబారాయి. వాళ్లకొక నియమం ఉండేది. చదివినవాళ్లు చివర ఏమైందో ఎవరికీ చెప్పకూడదు.

కరుణ నాకూ ఇచ్చింది. మంత్రాల కథ పిల్లలకు తగునో లేదో చూద్దామని తీసుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నిజం కాదు. నాకూ చదవాలనిపించింది. ఒక్క మధ్యాహ్నంలో పూర్తి చేసి, చివర్లో వెక్కివెక్కి ఏడ్చాను. మా అమ్మ పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. చనిపోయినవారు లేస్తారని వారం వారం పిల్లలకు బోధించే నాకు, ఆ ఘడియలో దేవుడి వాగ్దానం కన్నా ఆ కథలో ముసలి మంత్రగత్తె రాతి మీద ఊదిన ఊపిరే దగ్గరగా అనిపించింది. భయపడ్డాను. పిల్లల కోసం కాదు, నా కోసం.

పూర్వం విశ్వాసులు మంత్రపుస్తకాలు తెచ్చి కాల్చేశారని పిల్లలకు చెప్పింది నేనే. బ్లేడుతో చివరి కాగితాలు కోసి పొయ్యిలో పెట్టాను. మిరప ఘాటుకు దగ్గు వచ్చింది. పుస్తకం మొత్తం ఎందుకు కాల్చలేదు? ఏమైందని కరుణ అడుగుతుంది కదా. పుస్తకానికి కొత్త అట్ట వేసి, తర్వాతి వంతు షాహినాదైతే నా చేత్తోనే ఆ పిల్లకు ఇచ్చాను. ఆ విశ్వాసులు కాల్చింది తమ పుస్తకాలను, అందరి ఎదుట. నేను కాల్చింది ఇంకొకరిది, చాటుగా. ఈ తేడా నాకు ఆ రోజు తెలియదా?

షాహినా మా సంఘం పిల్ల కాదు. లారీ మెకానిక్ కూతురు, కరుణకు స్నేహితురాలు. తర్వాతి ఆదివారం పుస్తకం ఇచ్చేయడానికి మందిరం అరుగు దగ్గరికి వచ్చింది. కరుణ తిరగేసి చూసింది.

"ఏమే, చివరి కాయితాలు ఏమైనయ్యే?"

"నాకిచ్చినప్పుడే లేవు."

"అంటే టీచరక్క చించిందంటావా? బైబిలు మూల మడిస్తేనే మా వీపు పగలగొట్టుద్ది అక్క!"

పిల్లలంతా నవ్వారు. "నేనట్టా అన్లేదు" అంటూ షాహినా నా వైపు చూసింది. ఆ పిల్లకు తెలుసు.

"ఒకరి పుస్తకం తీసుకున్నప్పుడు జాగ్రత్తగా చూసుకోవాలమ్మా" అన్నాను.

ఆ ఒక్క మాటే అన్నాను. షాహినా తల వంచుకుని, "సరే టీచరక్కా. చివర ఏమైందో అదన్నా చెప్పవా?" అంది.

"చింపినోళ్లకు చెప్పేదేందే!" అంది కరుణ.

ఆ తర్వాత పిల్లలెవరూ షాహినాకు పుస్తకం ఇవ్వలేదు. పుస్తకాలు ఆమెను దాటుకుని తిరిగేవి. నేను చూస్తూనే ఉన్నాను. నా మాటలో అబద్ధం లేదు కదా అని నన్ను నేను సమర్థించుకుంటూ, అబద్ధం లేని మాటతోనే ఒక పసిపిల్ల మీద నింద వేయవచ్చని తెలిసి కూడా తెలియనట్టు ఎన్నో ప్రార్థనలు చేశాను. ఆ రోజు నోరు తెరిస్తే ఏం పోయేది? పరువు పోయేది. అంతే.

ఈమధ్య నరసరావుపేట పోయే బస్సులో షాహినాను చూశాను. నా ముందు సీట్లో కూతురిని ఒళ్లో పెట్టుకుని ఆ కథే చెబుతోంది. "తర్వాత?" అని పిల్ల అడిగింది. "అక్కడ్నుంచి కాయితాలు లేవు తల్లీ" అంది. నాకు ఆ పేజీలు కంఠతా వచ్చు. ముందుకు వంగాను కూడా. మళ్లీ వెనక్కి ఆనుకుని కూర్చున్నాను. పిడుగురాళ్లలో వాళ్లు దిగిపోయారు.

పిల్లల నియమాన్ని ఇక్కడ తప్పుతున్నాను. షాహినా, చివర తల్లి మేలుకుంటుంది. పెద్దదైపోయిన కూతురిని గుర్తుపట్టదు. "కాస్త పక్కకు జరుగమ్మా, మా పాప వచ్చే వేళైంది" అని దారి వైపు చూస్తుంది. కూతురు జరగదు. అక్కడే నిలబడి "అమ్మా" అంటుంది. నేను కాల్చింది అదీ.

రాశాక గుండె మీద ఏదో కొంచెం కదిలింది. దాన్ని క్షమాపణ అనుకోను. నాతో పాటు తల వంచండి. నన్ను క్షమించమని వద్దు. ఈ మాట ఆమె ఎదుట చెప్పేదాకా నా నోరు మళ్లీ మూతపడనీయవద్దని అడుగుదాం.