కడియాలు బిగిసిన పాదాలు

నా మనవరాలికి రెండో ఏడు నడుస్తుండగా విరేచనాలు పట్టుకున్నాయి. తగ్గాక కూడా, పాలూ గుడ్డూ కడుపుకు పడవని వట్టి గంజే తాపాము. చిక్కిపోయిన కాళ్లకు ప్రొద్దుటూరులో కొన్న వెండి కడియాలు జారిపోయేవి. ఉన్నట్టుండి అవి బిగిశాయి. బుగ్గలూ నిండాయి. బిడ్డ ఒళ్లు చేసిందని అల్లాకు షుకర్ చెప్పుకుని, చెంపకు దిష్టిచుక్క పెట్టాను.

మా వేంపల్లె అంగన్‌వాడీ టీచరమ్మ బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని, పాదం మీద బొటనవేలితో కాసేపు నొక్కి తీసింది. గుంట పడింది. పూడలేదు. తడిపిన పిండి మీద వేలు పెట్టినట్టే ఉంది. రెండో పాదమూ అంతే.

"ఇది కండ కాదవ్వా, నీరు. సత్తువ లేక పట్టిన వాపు."

"మూడు పూటలా గంజి తాపిస్తాండా కదా టీచరమ్మా" అంది నా కూతురు.

"గంజిలో ఏముందమ్మా?"

ఆ పొద్దే బిడ్డను చంకనేసుకుని బస్సెక్కాము.

పులివెందుల ఆసుపత్రిలో డాక్టరమ్మ వేరుశనగలు, పాలపొడి కలిపి నూరిన ముద్ద పొట్లం చించి ఇచ్చింది. బిడ్డ తింటే ఇంటికాడే బాగుచేసుకోవచ్చు, తినకపోతే ఇక్కడే చేర్చుకోవాలి అంది. బిడ్డ ఒకసారి నాకింది. మళ్లీ నాకింది. తర్వాత పొట్లమే లాక్కుంది. మందులూ పొట్లాలూ ఇచ్చి ఇంటికి పంపారు.

వారం తిరక్కుండానే బుగ్గలు దిగిపోయాయి. పక్కటెముకలు తేలాయి. పిరుదుల మీద తోలు వేలాడింది. పక్కింటామె చూసి, "బంతి మాదిరి ఉండె బిడ్డను బొమికెలు చేస్తిరి గదమ్మీ. ఆ ముద్దలు యాడన్నా పారేయండి" అంది. నా కూతురు పొట్లాలన్నీ అటకెక్కించింది.

మరునాడు టీచరమ్మ వచ్చి తూకం వేసింది. బరువు తగ్గింది.

"చూస్తిరా, నా బిడ్డ కరిగిపోతాంది" అని నా కూతురు ఏడ్చింది.

"పోయింది నీళ్లమ్మా. ఇన్నాళ్లూ ఆ నీళ్ల కింద ఉండే బిడ్డ ఇదే. ఇప్పుడు ఆపితే దక్కదు."

అంత చిన్న ఒంట్లో అన్ని ఎముకలు నేనెప్పుడూ చూడలేదు. నా కూతురు కళ్లు తుడుచుకుని అటక మీది పొట్లం దించింది. బిడ్డ ముద్దను తల్లి వేళ్లతో సహా చప్పరించసాగింది. అసర్ నమాజు వేళ దాటిపోతున్నా, ముద్ద అయిపోయేదాకా నేను అక్కడి నుంచి లేవలేకపోయాను.