డ్రైవర్ సీట్లో లెఫ్ట్ బ్యాక్

నేను ఫుట్‌బాల్లో లెఫ్ట్ బ్యాక్‌ని. అనంతపురంలో జిల్లా లీగు కింది డివిజన్లో ఆడాను. ఖతర్‌కు వచ్చాక మెసైమీర్‌లో ఇసుక గ్రౌండులో లేబర్ క్యాంపుల టీములకు ఆడాను. ఎక్కడ ఆడినా ఆ ఎడమ గీత పక్కనే నా కాపురం. పొట్టకూటికి మాత్రం ఉమ్ సలాల్‌లో ఒక ఖతరీ ఇంటికి డ్రైవర్‌ని. గేటు పక్క గది, ఎప్పుడు మోగుతుందో తెలియని ఫోను. ఇంటి డ్రైవర్‌కు డ్యూటీ మొదలవడం ఉంటుంది కానీ అయిపోవడం ఉండదు. సెలవు రోజు శుక్రవారం సాయంత్రం ఆటకు వదిలితే చాలనుకుని వారమంతా నోరు మూసుకునేవాణ్ణి.

ముప్పై నాలుగేళ్ళు వచ్చేసరికి మోకాళ్ళు మొరాయించడం మొదలుపెట్టాయి. సరిగ్గా అప్పుడే ఏ నక్క తోక తొక్కానో, అల్ వక్రాలో టీమున్న ఒక కంపెనీకి లెఫ్ట్ బ్యాక్ కావలసి వచ్చింది. వాళ్ళ మేనేజరు శుక్రవారం మా మ్యాచ్ చూస్తానన్నాడు. ఆట నచ్చితే గోడౌన్లో ఉద్యోగం, వాళ్ళ వీసా, సాయంత్రాలు ప్రాక్టీసు. కబురు తెచ్చింది మా గోల్‌కీపరు. గోదావరి జిల్లా మనిషి, ఆఫీసులో అకౌంట్లు చూస్తాడు. శుక్రవారం పొద్దున చర్చి, సాయంత్రం గోలు.

"ఈ ఒక్క మ్యాచ్ ఆడేయండి గురువుగారూ. గట్టెక్కేస్తారు," అన్నాడు.

ఆ వారమే పక్క దేశాల యుద్ధం మా నెత్తి మీదికి వచ్చింది. ఆకాశంలో మంటలు, కిటికీలు అదిరే చప్పుడు, అందరి ఫోన్లూ ఒకేసారి కీచుమనడం. విమానాలు ఆగిపోయాయి. ఇంటి యజమానిని బాబా అంటాం. ఆయన పరాయి దేశంలో ఇరుక్కుపోయాడు. ఇంట్లో మేడమ్, పిల్లలు, మంచం దిగలేని ముసలావిడ. మేడమ్ పెద్ద బండికి ట్యాంకు నింపించి, డిక్కీలో సంచులు సర్దించింది. పరిస్థితి ముదిరితే సౌదీ సరిహద్దుకు బయల్దేరాలట. ఆ సంచుల్లో ఒకదానిలో వాళ్ళ పాస్‌పోర్టులతో పాటు నాదీ కనిపించింది. ఇక్కడ దిగిన రోజు ఇచ్చేశాక మళ్ళీ దాని మొహం చూడటం అదే మొదలు. నన్నూ తీసుకెళ్తారన్నమాట, స్టెప్నీ టైరును తీసుకెళ్ళినట్టు. వస్తావా అని మాటవరసకైనా అడగలేదు. ఒళ్ళు మండిపోయింది.

వారాంతానికి చప్పుళ్ళు కాస్త సద్దుమణిగాయి. మ్యాచ్ ఉంది, మేనేజరూ వస్తున్నాడని కబురొచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం వంటింటి గుమ్మంలో నిలబడి అడిగాను. అరబ్బీ, హిందీ, ఇంగ్లీషు కలగలిపి మా ఇద్దరికీ ఒక భాష ఉంది.

"మేడమ్, ఈరోజు మ్యాచ్. రెండు గంటలు. ఫోన్ చేస్తే వచ్చేస్తా."

"మాఫీ రోహ్," అంది. వెళ్ళడానికి లేదని. "ఆ రెండు గంటల్లోనే ఏమన్నా అయితే? ముసలామెను పట్టుకోనా, బండి నడపనా?"

తాళాలు అక్కడ పడేసి ట్యాక్సీ ఎక్కవచ్చు. ఎక్కలేదు. వెళ్ళి బండిలో కూర్చున్నాను, చొక్కా లోపల జెర్సీతో.

గోల్‌కీపరు ఫోన్ చేశాడు. "బయల్దేరారా అండీ?"

"యాడికి బయల్దేరేది సామీ? బండి కాడ కట్టేసినారు నన్ను."

"ఇంగ్లండులో పెద్ద యుద్ధమప్పుడు చిన్న క్లబ్బులోళ్ళకి ఆట లేకుండానే ఏళ్ళకేళ్ళు పోయాయంటండి. తిరిగొచ్చేసరికి ఆడే వయసే లేదంట. మీకు ఒక్క శుక్రవారమే కదా."

"వాళ్ళ గోల నాకెందుకు? నా సంగతి జెప్పు," అని ఫోన్ పెట్టేశాను. గోల్‌కీపర్లకు ఆటంతా దూరం నుంచే కనిపిస్తుంది, అందుకే అంత తీరిక.

ఏసీ వేస్తే పెట్రోలు అయిపోతుందని మేడమ్ భయం. అద్దాలు దించుకుని ఉడికిపోతూ కూర్చున్నాను. ఆ సాయంత్రం ఒక్క చప్పుడూ లేదు. చెప్పకూడదు కానీ, ఏదైనా వచ్చి పడితే బాగుండునని కూడా అనుకున్నాను. కనీసం నేను కూర్చున్నందుకు ఒక అర్థముండేది. మ్యాచ్ అయిపోయే వేళకు స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాను.

అయితే కథ అక్కడితో ముగియలేదు. మేనేజరు మంచివాడు. యుద్ధం రోజులని అర్థం చేసుకుని, వచ్చే నెల ఇంకోసారి చూస్తానన్నాడట. ఈసారి నేనూ గట్టిగా నిర్ణయించుకున్నాను. బాబా రాగానే కంపెనీ మారతానని చెప్పేయాలి. కాగితం మీద ఆ హక్కు నాకూ ఉంది. చెప్పాల్సిన వాక్యాన్ని అరబ్బీలో కూర్చుకుని, బండి కడుగుతూ వల్లె వేశాను.

విమానాలు తిరగగానే బాబా వచ్చాడు. ఎయిర్‌పోర్టు నుంచి నేనే తీసుకొచ్చాను. గేటు దాటగానే దిగి, నన్నూ దిగమని, గట్టిగా కౌగిలించుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి. మేడమ్ గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది.

"అన్నీ చెప్పింది," అన్నాడు. "అందరి డ్రైవర్లూ ఏదో వంక పెట్టి జారుకున్నారట, నువ్వు బండి వదల్లేదట. అక్కడి నుంచే ఫోన్లో నీ వీసా కాగితాలు ఇంకో రెండేళ్ళకు పొడిగించేశాను. నువ్వు మా ఇంటి మనిషివి. నిన్ను ఎక్కడికీ పోనివ్వం."

కూర్చుకున్న వాక్యం నోట్లోనే ఉంది. ఆయన కళ్ళ నిండా నీళ్ళు.

"శుక్రన్ బాబా," అన్నాను. థ్యాంక్స్ అని. అల్ వక్రా అక్కడితో సరి.

"యల్లా," అన్నాడు భుజం తట్టి, "పద, పిల్లలకు స్కూలు వదిలే టైమయింది."

తాళాలు ఇంకా నా చేతిలోనే ఉన్నాయి.