మొదటి నష్టం ఎవరిది

నాయన పోయాక పలకరించడానికి వచ్చినవాళ్లలో చాలామంది ఆయన కారు సంగతే ఎత్తారు. గుడియాత్తంలో నేతవాళ్ల ఇంటి ముందు కారు నిలబడటం అప్పట్లో వింత. నాకు మాత్రం దానికి ఇన్సూరెన్సు కట్టిన రోజు ఎక్కువగా గుర్తుకొస్తోంది.

నాయన నేతగాళ్లకు నూలు ఇచ్చి, మా మగ్గాల మీద లుంగీలు నేయించేవాడు. మూటలు వేలూరుకు చేర్చడానికీ, మిగతా వేళల్లో బాడుగకు తిప్పడానికీ ఒక పాత కారు కొన్నాడు. మా దగ్గరే నేసి, తర్వాత డ్రైవింగు నేర్చుకున్న ఒకతన్ని దానికి పెట్టుకున్నాడు.

వేలూరు నుంచి వచ్చిన ఏజెంటు అరుగు మీద కూర్చుని రెండు దారులు చెప్పాడు. కారుకు దెబ్బ తగిలినప్పుడల్లా మొదటి యాభై రూపాయల ఖర్చు మనమే పెట్టుకునేటట్టయితే, ఏడాదికి కట్టేది తక్కువ. మొదటి ఐదు రూపాయలే మనవి, ఆపైనదంతా కంపెనీది అనుకుంటే, కట్టేది దాదాపు రెట్టింపు.

"యాభైకే రాయండి," అన్నాడు నాయన. "మావాడు తోలితే ఎద్దులబండి గూడా దాటిపోతాది. దెబ్బ యాడ తగల్తాది?"

డ్రైవరు కారు పక్కనే ఉన్నాడు. నవ్వలేదు.

అమ్మ తలుపు వెనక నుంచి అడిగింది. "ఆ మొదటి యాభై ఎవురు పెట్టుకోవాల?"

"మనమే."

"మనమంటే ఎవురు? బట్టలో తప్పు పడితే నేసినోడి కూలి కోస్తారు గదా. కారుకు సొట్ట పడితే తోలినోడి జీతం కోస్తారా?"

పోగు తప్పినా, అంచు వంకర పోయినా నేసినవాడి కూలిలో కొంత తగ్గించడం తాతల నాటి వాడుక. అది అన్యాయమని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు. డ్రైవరు నేతగాడుగా ఉన్నప్పుడు అతని కూలీ అలాగే తగ్గింది. ఇప్పుడు యాభై అంటే అతని రెండు నెలల జీతం కంటే ఎక్కువ.

"అట్లయితే నేను మళ్లా మగ్గానికే పోతానప్పా," అన్నాడు అతను. "బట్టలో తప్పు నా చెయ్యి చేసేది. దోవలో ఎవురి బండో వచ్చి గుద్దితే నేనేం చేసేది?"

ఏజెంటు గొడుగు తీసుకున్నాడు. "అది మీరూ మీరూ తేల్చుకోండయ్యా. ఖర్చు ఎవరు పెట్టినా కంపెనీకి ఒకటే."

రెట్టింపు కట్టే స్తోమత నాయనకు లేదు. "యాభైకే రాయండి. ఆ యాభై నాది. వాని జీతం ముట్టుకోను. మీరు విన్నారు గదా," అన్నాడు ఏజెంటుతో.

వానలు మొదలుకాక ముందే మాటకు పరీక్ష వచ్చింది. పళ్ళికొండ సంత దగ్గర ఎద్దులు బెదిరి, బండి నొగ తగిలి కారు లైటు పగిలింది, మడ్డుగార్డు వంగింది. ఖర్చు యాభై దాటలేదు కాబట్టి కంపెనీ నుంచి ఏమీ రాలేదు. డ్రైవరు ఇంట్లోకి రాకుండా వీధిలోనే నిలబడ్డాడు.

"ఈ నెల జీతం ఇయ్యొద్దులేప్పా."

నాయన వంగిన రేకు మీద చెయ్యి పెట్టి చూశాడు. "లోపలికి రా. అన్నం తిను ముందు."

జీతం పూర్తిగా ఇచ్చాడు. కానీ ఆ వారమంతా మాతో సరిగ్గా మాట్లాడలేదు. ఇచ్చిన మాట ఆయనకు బరువుగానే ఉండింది.

డ్రైవరు జీతం కోయలేదన్న సంగతి మగ్గాల దాకా పాకింది. కూలి పంచే రోజు ఒక ముసలి నేతగాడు తప్పు పడిన లుంగీ తెచ్చి ఆయన ముందు పరిచాడు. "కోసుకో నాయనా. నాకు చక్రాలు లేవు గదా!"

మగ్గాల దగ్గర అందరూ ఒక్కసారిగా నవ్వారు. నాయన నవ్వలేదు. లుంగీని వెలుతురుకు పట్టి చూశాడు, మడిచి పక్కన పెట్టాడు, పూర్తి కూలి ఇచ్చాడు. ముసలాయన తమాషాకన్నాననీ, నిజంగా అడగలేదనీ గొణిగాడు.

"చిన్న తప్పు ఇకమీద నాదే," అన్నాడు నాయన. "కట్టుకోను గూడా పనికిరానంత పెద్దదైతే కూచోని మాట్లాడుకుందాం."

మిగతా మగ్గాల యజమానులు ఆయన మీద కోపగించుకున్నారు. మోటారెక్కి బుద్ధి పోగొట్టుకున్నావన్నారు. లాభం తగ్గిన మాటా నిజమే. చిన్న తప్పున్న లుంగీలను కూడా వేలూరు వ్యాపారులు తీసుకునేవారు కాదు. అవి ఇంట్లోనే మిగిలేవి. అమ్మ కొన్నిటిని దిండ్లకు కుట్టింది. తక్కినవి నాయనే కట్టుకున్నాడు.

"లుంగీలు నేయించే మనిషి కట్టేది ఇదా?" అని అమ్మ ఎగతాళి చేసేది.

"అంత దగ్గరగా ఎవురు చూస్తారు?" అనేవాడు ఆయన, అంచు సర్దుకుంటూ.