మా మామ తట్టి చూసిన అద్దం

మారికుప్పంలో, గని పనోళ్ళకు కట్టిన లైన్ల ఇంట్లోనే మేం ఇప్పటికీ ఉండాం. మా ఆయనకు చిన్న గూడ్స్ బండి ఉండేది. ఆ ఎండాకాలం దాని ముందద్దం పగిలింది. ముందర పోయే కంకర జల్లి టిప్పర్ కింద నుంచి రాయి ఎగిరి తగిలిందంట. డ్రైవరు పక్క, సరిగ్గా కంటికెదురుగా గోరంత పగులు.

"ముందు దాన్ని మార్పించు" అన్నాను. షెడ్డు మేస్త్రీ కూడా అదే చెప్పినాడంట. ఎండకీ గుంతలకీ పగులు పాకుతాది, ఎదురెండ పడితే దోవ కనపడదు, యాడన్నా గుద్దుకుంటే అద్దం మొగం మీదికే వస్తాది అని. కానీ అది మామిడికాయల కాలం. గౌనిపల్లి తోటల నుంచి శ్రీనివాసపురం మండీకి రోజూ లోడు ఉండాది. బండి షెడ్డులో పెడితే ఆ లోడు ఇంకొకడు ఎత్తుకొని పోతాడు.

ఏం చేద్దామని మా ఆయన వాళ్ళ నాయన్ను అడిగినాడు. మా మామ బంగారు గనిలో అండర్‌గ్రౌండ్ పని చేసిన మనిషి. లోపల పనికి దిగే ముందు ఇనుప కడ్డీతో నెత్తి మీది బండను తట్టి చూసేవాళ్ళంట. ఖంగుమంటే గట్టి బండ, డొల్లగా మోగితే ఊడిపడే బండ. మామ చెవి మీద అందరికీ అంత నమ్మకం. ఆయన "పక్కకు రా అప్పా" అన్నాడంటే రావల్సిందే. అట్ల బతికి బయటపడినోళ్ళు ఇప్పటికీ దోవలో ఎదురైతే చెయ్యెత్తి మొక్కుతారు.

ఆ చెవిని తెచ్చి అద్దానికి ఆనించినాడు. వేలి కణుపుతో పై నుంచి కింది దాకా తట్టినాడు, కండ్లు మూసుకొని. "గట్టిగానే ఉండాది. కాయల కాలం అయిపోయేదాకా ఏం కాదు, పోరా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "మామా, అది బండ గాదు, అద్దం" అన్నాను. "నీకేం తెలుసమ్మా" అని నవ్వినాడు. మా ఆయనా నవ్వినాడు. గని మూసేసినాక ఆ ముసలాయన్ను ఎవరూ ఏదీ అడిగింది లేదు. కొడుకు అడిగినాడని ఆ పొద్దు ఆయన మొగం ఎంత కళగా ఉండెనో.

నేను ఊరుకోలేదు. రోజూ పోట్లాటే. గోరంత పగులు జానెడయింది, ఇంగ జానెడు దాటి కొమ్మలేసింది. నేను అరిచినప్పుడల్లా మామ వచ్చి మళ్ళీ తట్టేవాడు. "అదే శబ్దం" అనేవాడు. మా ఆయన తాళం చెవి తీసుకొని ఎల్లిపోయేవాడు.

ఒకనాడు పొద్దున తోటకు పోతా ఉంటే ఎండ ఎదురుగా కొట్టింది. పగులంతా తెల్లగా మెరిసి దోవే కనపడలేదంట. పక్కన నిలబెట్టిన ట్రాక్టర్ ట్రాలీని పోయి గుద్దినాడు. మేస్త్రీ చెప్పినట్టే అద్దం లోపలికి వచ్చింది. కుడి కంటికి చూపు ఇంగ రాదని కోలారు ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పేసింది. కట్టు కింద నుంచి మా ఆయన నాతో అన్న మొదటి మాట, "ట్రాలీ వాడు అడ్డం వచ్చినాడని చెప్పు నాయనకు."

చెప్పే పనే లేకపోయింది. మామ అప్పటికే పోయి బండిని చూసుకొని వచ్చినాడు.

బండి పోయింది. మా ఆయన ఇప్పుడు మండీలో కాయలు ఏరే పని చేస్తాడు. మామ మాత్రం అన్నం కాడ ఎప్పుడూ కొడుక్కి కుడి పక్కనే కూర్చుంటాడు. ఎందుకో మొదట నాకు తెలియలేదు. ఒకసారి ఆయన అన్నం తట్ట ఎడమ పక్క పెడితే, దాన్ని ఎత్తుకొని మళ్ళీ కుడి పక్కకే పోయినాడు. ఆ పక్క కొడుక్కి ఆయన కనపడడు.

మామ మీద నాకు కోపం ఇంకా పోలేదు, పోతాదని కూడా అనుకోను. అయినా ఆయన సంగటి ముద్ద ఆ పక్కనే పెడతాను. మొదట్లో మా ఆయన తల తిప్పి నాయన్ను చూసేవాడు. చూసినప్పుడల్లా ముసలాయన తినేది ఆపి లేచిపోయేవాడు. ఆయన కడుపు నిండా తినాలని మా ఆయన ఇప్పుడు ఆ పక్కకు తల తిప్పడం మానేసినాడు.