కసోండె చూపించిన అవతలి ఒడ్డు

జీపు మెట్టు మీద కాలు పెట్టిన లిజినేటిని మేనేజరు చెయ్యడ్డం పెట్టి ఆపేశాడు. వానలకు లువాంగ్వా నది పొంగకముందే సఫారీ క్యాంపులోని గడ్డి పాకలన్నీ విప్పేస్తారు. విప్పే ముందురోజు పనివాళ్ళ ఇంటివాళ్ళను ఎక్కించుకుని అడవి జంతువుల పార్కంతా తిప్పడం అక్కడి ఆనవాయితీ.

"ఈ ముసలావిడ ఎవరి తాలూకు?"

"నా తాలూకే," అంటూ వంటవాడు కసోండె గరిటెతోనే వచ్చాడు.

"నువ్వు బెంబా తెగవాడివి, ఆవిడ ఎన్‌గోనీ. మీకు చుట్టరికమేంటయ్యా?"

"చుట్టరికం సరే. ఏటా ఈవిడ చేలో పడి మొక్కజొన్న మేసేది మీ ఏనుగులు కాదా? ఎవర్ని మేపిందో కళ్ళారా చూసుకోనివ్వరా? ఆవిణ్ణి దించితే నేనూ ఎక్కను. రాత్రికి రొట్టెలు మీరే కాల్చుకోండి."

మేనేజరుకి నవ్వాగలేదు. చెయ్యి తీసేశాడు.

నిజానికి చుట్టరికమూ ఉంది. బెంబాలూ ఎన్‌గోనీలూ ఒకప్పుడు ఈటెలతో పొడుచుకున్నవాళ్ళు. ఇప్పుడు నోటితో పొడుచుకుంటారు; ఆ వేళాకోళమే వాళ్ళ చుట్టరికం. ఒకరింట్లో చావైతే రెండోవాళ్ళు వచ్చి, చనిపోయినవాణ్ణి వెక్కిరించాల్సిందే. లేకపోతే అది సాగనంపడమే కాదు. వాళ్ళుండే కుందా తెగవాళ్ళ పల్లెలో ఉన్న ఎన్‌గోనీ మనిషి లిజినేటి ఒక్కతే. కసోండెకి గుండె పాడైందని, ఇక పొయ్యి దగ్గర నిలబడొద్దని ఆసుపత్రిలో చెప్పినా అతను మానలేదు. అతను చావు మాట ఎత్తబోయినప్పుడల్లా, "కోతులు తినేవాడికి చావేంటి బావా!" అని బెంబాల మీది పాత వేళాకోళంతో ఆవిడ నోరు మూయించేది.

పల్లెకి అవతలి ఒడ్డున, ఏటి మలుపులో జీపు ఆగింది. ఏనుగుల మంద నీళ్ళలోకి దిగుతోంది. రాత్రిళ్ళు డబ్బాలు వాయించి తరిమిన చీకటి ముద్దలనే తప్ప, లిజినేటి వాటి మొహాలు ఏనాడూ చూడలేదు. ఒక గున్న తల్లి తోక పట్టుకుని, నీళ్ళు మింగి, ఉక్కిరిబిక్కిరై ఒడ్డెక్కింది. ఆవిడ చప్పున చేతులు జోడించింది. ఎందుకో ఆవిడకే తెలీదు.

"దొంగముండలు," అంది. "నా చేను తిని ఎంత చక్కగా ఎదిగాయో చూడు బావా."

కసోండె ఇసుకలో గుడ్డ పరిచి రొట్టె, వేరుశనగ కూర పెట్టాడు. ఆవిడ వేళ్ళు నాకింది.

"మాడ్చావు. అయినా తింటున్నా. నువ్వు లేకపోతే నేనీ ఒడ్డు చూడకుండానే పోయేదాన్ని."

జన్మలో ఆవిడ ఒకరికి చెప్పిన కృతజ్ఞత అదే. అదను దొరికిందని కసోండె గ్రహించాడు.

"అయితే ఇవాళ నా మాట విను వదినా. మా ఊరు దూరం, నేను పోతే మావాళ్ళెవరూ రాలేరు. కుందాలు మంచివాళ్ళు, ఏడుస్తారు. ఏడుపొక్కటే అయితే నేను వెళ్ళలేను."

ఆవిడ ఈసారి నోరు మూయించలేదు.

అతను నెత్తిన ఉన్న తెల్ల టోపీ తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

"ఆ రోజు ఇది పెట్టుకురా. గోతి చుట్టూ నాలాగే గునగునా నడిచి, నాలాగే అందర్నీ కసురు. వాళ్ళు నవ్వేదాకా ఆపకు."