ఎడమ చేతి పిండి

నా చిన్నప్పుడు దబీర్‌పురా రైలు స్టేషనుకు పోయే సందులో మా మేనత్తకు ఒక పిండి గిర్నీ ఉండేది. ఒక మోటారు, దాని మీద తిరిగే తోలు పట్టీ, రెండు రాళ్ళు, పైన గింజలు పోసే డబ్బా. మా మామ పోయినప్పుడు ఆమెకు మిగిలింది అదొక్కటే. గిర్నీ వెనక గదిలో ఆమె, ఆ పక్క వాటాలో మేము ఉండేవాళ్ళం. గిర్నీ తిరుగుతున్నంత సేపూ మా ఇంట్లో గిన్నెలు సన్నగా వణుకుతూ ఉండేవి. ఆ వణుకు ఆగితే మధ్యాహ్నం అయిందని మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచేది.

మా సందులో హిందువులు, ముస్లిములు, రైల్వేలో పనిచేసే క్రైస్తవులు ఉండేవాళ్ళు. వాళ్ళకు పొద్దున నల్లా దగ్గర రోజూ లొల్లే. కానీ ఒక్క సంగతిలో అందరిదీ ఒకే మాట. తినే వస్తువు కుడి చేత్తో ఇవ్వాలి, కుడి చేత్తో తీసుకోవాలి. మా అత్త పిండి డబ్బా అందించేటప్పుడు అవతలి మనిషి కొంగుతో చేయి తుడుచుకుని మరీ అందుకునేది.

డెబ్బై మూడో సంవత్సరం, వానాకాలం. నాకు పదేళ్ళు. తేదీల విషయంలో నేను పొరపాటు పడను. ఆ ఏడు దసరా, రంజాన్ ఒకే నెలలో పడ్డాయి కాబట్టి ఎవరైనా సరిచూసుకోవచ్చు. తేమకు తోలు పట్టీ జారుతోంది. జారకుండా దానికి జిగురు ముద్ద రాయాలి. మోటారు ఆపి రాయాలని గిర్నీ నడిపే ప్రతివాళ్ళకూ తెలుసు, బయట డబ్బాల వరస ఉంటే ఆపరన్న సంగతీ ప్రతివాళ్ళకూ తెలుసు. ఆపకుండా రాయడమే పనితనమని వాళ్ళకొక గర్వం. మా అత్తకు కూడా ఉండేది. పట్టీ ఆమె వెండి కడియాన్ని పట్టుకుంది, కడియంతో పాటు చేతిని. పెద్దాసుపత్రిలో కుడి చేయి మోచేతి కింది వరకు తీసేసి ఇంటికి పంపారు.

ఇక అప్పుడు మొదలైంది పరామర్శ.

పరామర్శ కొందరికి పండగ లాంటిది. బహదూర్‌పురా నుంచి, నయాపూల్ అవతలి నుంచి, ఎప్పుడూ మా గడప తొక్కని చుట్టాలు ఇస్త్రీ చీరలు కట్టుకుని బయలుదేరారు. అందరి చేతిలోనూ బత్తాయిలే, అందరి నోట్లోనూ ఒకటే మాట. అయ్యో, గిట్లయిందా. ఏ జన్మల పాపమో. అన్నం ఎట్ల తింటున్నవు బిడ్డా. ఆ చివరి ప్రశ్న అడిగేటప్పుడు వాళ్ళ కళ్ళలో కనిపించిన ఆసక్తి నేను ఈనాటికీ మరచిపోలేదు. ఆమె ఏ చేత్తో తింటుందో తెలుసుకుని పోవాలి, పోయి ఇంకో నలుగురికి చెప్పాలి. కొంగు కింద ఉన్న మొండిచేతిని ఒక్కసారి చూస్తే గాని వాళ్ళకు ప్రయాణం గిట్టుబాటు అయ్యేది కాదు. చూశాక ఏడ్చేవాళ్ళు. ఏడ్చాక చాయ్ తాగేవాళ్ళు. చాయ్‌లో చక్కెర తక్కువైందని మా అమ్మకు చెప్పడానికి ఆ ఏడుపు ఏమీ అడ్డం రాలేదు.

మా అత్త వాళ్ళలో ఎవరితోనూ మాట్లాడలేదు. గోడ వైపు తిరిగి పడుకునేది. మా అమ్మ ముద్దలు కలిపి నోట్లో పెడితే నాలుగు తినేది, లేకపోతే లేదు. ఎడమ చేత్తో తినాల్సి వస్తుందని అసలు అన్నమే వద్దనేది. గిర్నీ షట్టర్ తాళంచెవి మాత్రం నడుముకు దోపుకునే ఉంచుకుంది. పగలంతా నిద్రపోతున్నట్టు కనిపించినా, దాని మీద నుంచి ఎడమ చేయి తీసేది కాదు.

ఆ తాళంచెవి మీద ఇంకొకరి చూపు కూడా ఉంది. మా పెద్దబాపు, అంటే మా నాన్నకూ అత్తకూ పెద్దన్న. కులంలో పెద్దమనిషి, కండువా లేకుండా గుమ్మం దాటడు. ఆయన చెల్లెలి మంచం పక్కన కూర్చుని చాలా బాధపడ్డాడు. బాధపడుతూ బాధపడుతూ గిర్నీని తన బామ్మర్దికి అప్పగించాలని తేల్చాడు.

"నా మాటిను చెల్లె. పని చేస్తవ్, నేను కాదంట లేను. గని పుర్రచేత్తోని ఇచ్చిన పిండి ఎవరు తీస్కుంటరు? పొద్దుగాల బోణీ ఎవరు చేస్తరు? దసరా దాంక చూస్త. తర్వాత తాళం నాకియ్యి. నీకు రెండు పూటలా బువ్వకు మేం లేమా?"

ఎడమ చేతిని మా వాళ్ళు పుర్రచెయ్యి అనేవాళ్ళు. మా నాన్న పక్కనే నిలబడి చొక్కా గుండీ తిప్పుకుంటున్నాడు. అన్న ముందు నోరు విప్పడం ఆయనకు చేతకాదు. అన్న లేనప్పుడు మాత్రం బాగా మాట్లాడేవాడు.

ఎదురింటి ముస్లిం ఆమె, సందు పిల్లలందరికీ ఖాలా, వచ్చింది ఆ తర్వాతి శుక్రవారం. బురఖా మీద చంకన గోధుమల డబ్బా. బత్తాయిలు లేవు, ఏడుపు లేదు. డబ్బాను మంచం పక్కన ఠక్కున పెట్టి తిట్టడం మొదలుపెట్టింది. స్టేషను అవతలి గిర్నీ వాడు పిండిలో ఇసుక కలిపినట్టు పడుతున్నాడట, రొట్టెలు తిని మొగుడు రోజూ మొహం మాడ్చుకుంటున్నాడట. చివరికి తెలుగూ ఉర్దూ కలిపి అసలు మాట అడిగింది.

"హాత్ గయా సో గయా. పోయిన చెయ్యి పోయింది. గిర్నీ ఉన్నది గదా? ఎప్పుడు తెరుస్తవ్, అది చెప్పు."

మా అత్త గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. ఆ మొహంలో కృతజ్ఞత లాంటిదేమీ లేదు, మండిపడుతున్న కోపం ఉంది. "నీకేమన్న కండ్లు కనవడ్తలేవా?" అంది. "కనవడ్తున్నయి. అందుకే డబ్బా కింద పెట్టిన," అని ఖాలా డబ్బా వదిలేసి వెళ్ళిపోయింది.

లెక్కలంటే నాకు మొదటి నుంచీ ఇష్టం కాబట్టి ఒక లెక్క చెబుతాను. ఏడవడానికి వచ్చినవాళ్ళు నలభై మందికి పైనే. పని పట్టుకుని వచ్చింది ఒక్కతే.

మర్నాడు గిన్నెలు మళ్ళీ వణికాయి. మా అమ్మ చేతిలోని గరిటె వదిలేసి పరుగెత్తింది. అత్త మొండిచేతికి పాత చీర గుడ్డ చుట్టుకుని, డబ్బాను దానితో రొమ్ముకు అదుముకుని, ఎడమ చేత్తో గింజలు పోస్తోంది. సగం కింద పోయాయి. కూర్చుని ఒక్కొక్కటీ ఏరింది, మళ్ళీ పోసింది. సాయం చేయబోయిన మా అమ్మను కసిరింది. ఆ వారంలోనే వడ్రంగిని పిలిపించి పట్టీకి చెక్క అడ్డం పెట్టించింది. రాళ్ళ కింద నుంచి రాలే పిండిని ఎడమ చేతి వేళ్ళ మధ్య నలిపి, మెత్తదనం తెలియక, నాలుక మీద వేసుకుని చూసేది. కొన్ని వారాలకు ఆ వేళ్ళకు కూడా తెలివి వచ్చింది.

జనం కూడా వచ్చారు. మిగతా గిర్నీలు దూరం మరి. కానీ అత్త ఎడమ చేత్తో డబ్బా అందించగానే చేతులు వెనక్కి పోయేవి. "కింద పెట్టమ్మా, నేను తీస్కుంట," అని ఎంతో మర్యాదగా అనేవాళ్ళు. వానకు కిందంతా బురద. డబ్బా అడుగున బురద అంటితే దానికీ సణిగేవాళ్ళు. అప్పుడు అత్త ఒక షాబాదు బండ తెప్పించి, గిర్నీ ముందు రెండు ఇటుక దిమ్మెల మీద పరిపించింది. పట్టిన పిండి డబ్బాను బండ మీద పెట్టి పక్కకు తప్పుకునేది. "నేను ఇస్త లేను. బండ ఇస్తుంది. తీస్కోండి," అనేది.

బండ ఇస్తే అందరికీ సమ్మతమే. ఆ మర్యాదస్తులకు మనసు కుదుటపడింది. బతుకమ్మ రోజులు వచ్చేసరికి ఎవరో బండకు పసుపు రాశారు. మర్నాటికి కుంకుమ బొట్టు. ఆ మర్నాడు మా పెద్దమ్మ, అంటే పెద్దబాపు భార్య, రెండు బంతిపూలు పెట్టి దండం కూడా పెట్టుకుంది. అత్త గిర్నీ లోపల నుంచి అదంతా చూస్తోంది. చేయి పోయిన తర్వాత ఆమె నవ్వడం నేను మొదటిసారి అప్పుడే విన్నాను. విని భయపడ్డాను, అంత మంచి నవ్వు కాదది.

సద్దుల బతుకమ్మ నాడు పొద్దున గిర్నీ ముందు డబ్బాల వరస సందు మలుపు దాకా పోయింది. సత్తు పిండికి వేయించిన మక్కలు, మలీదకు గోధుమలు. ఖాలా కూడా వరసలో ఉంది, రంజాన్ ఉపవాసంతో, చిరాకుగా. పెద్దబాపు ఆ రోజే వచ్చాడు, వెంట బామ్మర్దిని పెట్టుకుని. దసరా ఇంకా రాలేదు గానీ, నలుగురి ముందు తాళం అడిగితే చెల్లెలు కాదనలేదని ఆయన లెక్క.

మొదటి డబ్బా పెద్దమ్మది. అత్త పిండి పట్టి, డబ్బా పిడి ఎడమ చేత్తో పట్టుకుని బయటికి వచ్చింది. వచ్చి, బండ మీది బంతిపూల మీద, పసుపు కుంకాల మీద, తీరుబడిగా కూర్చుంది.

ఆమె చేయి ముందుకు చాచింది.

"తీస్కో వదినా."

"కింద..." అంది పెద్దమ్మ. కింద బురద. ఆమె మొగుడి వైపు చూసింది, బురద వైపు చూసింది.

"ఒక్క చెయ్యి గూడ లేని బండకు దండం పెట్టినవ్," అంది అత్త, గొంతు పెంచకుండా. "నాకు ఒకటన్న ఉన్నది. తీస్కుంటే తీస్కో. లేకుంటే ఇయ్యాల అందరికి గిర్నీ బంద్."

వెనక నుంచి ఖాలా అరిచింది. "అరె, హాత్ దేఖ్నే కు ఆయే క్యా, ఆటా లేనే కు ఆయే?" చేయి చూడటానికి వచ్చారా, పిండి కోసం వచ్చారా అని. వరసలో ఎవరో ఫక్కున నవ్వారు. ఇంకెవరో "తీస్కో పెద్దమ్మా, మాకు పొద్దు పోతుంది" అన్నారు. పొద్దు వాలితే బతుకమ్మ పేర్చాలి, సద్దులు కట్టాలి. సంప్రదాయం అంతసేపు ఆగదు. పెద్దమ్మ డబ్బా తీసుకుంది. తన కుడి చేత్తో, మా అత్త ఎడమ చేతి నుంచి, వేలికి వేలు తగులుతుండగా. ఆకాశం ఏమీ విరిగి పడలేదు.

ఆ తర్వాత వరస కదిలింది. అత్త బండ మీది నుంచి లేచి లోపలికి పోయి పట్టడం, వచ్చి కూర్చుని ఇవ్వడం. పెద్దబాపు కండువా సవరించుకున్నాడు. ఎడమ చేతి పిండి ఎవరు తీసుకుంటారని అడిగిన మనిషి, ఆ పిండిని సొంత భార్య చంకన పెట్టుకుని పోతుంటే, తాళం ఏ మొహంతో అడుగుతాడు? బామ్మర్దిని తీసుకుని వచ్చిన దారినే పోయాడు. ఆ రాత్రి ఆయన ఆ పిండితో చేసిన మలీద తిన్నాడనీ, రెండోసారి కూడా వేయించుకున్నాడనీ మాకు తెలిసింది.

మా అత్త ఆ గిర్నీని నా పెళ్ళయ్యాక కూడా చాలా ఏళ్ళు నడిపింది. గొప్ప మనిషి అని ఎవరైనా పొగిడితే పిండి సంచీ చేతికిచ్చి పంపేసేది. ఇప్పుడు కష్టంలో ఉన్నవాళ్ళకు ధైర్యం చెప్పే మాటలు పొద్దున్నే పువ్వుల బొమ్మలతో ఫోనులో వస్తుంటాయి. వాటిని చూసినప్పుడల్లా నాకు ఆ బత్తాయిలు గుర్తొస్తాయి.

పోయిన నెలలో మా కింది వాటాలో ఉండే పంతులమ్మకు పక్షవాతం వచ్చి కుడి చేయి పడిపోయింది. పండ్ల సంచులతో జనం మెట్ల మీద వరస కట్టారు. వాళ్ళంతా పోయాక నేను మా మనవరాలి తెలుగు నోటుబుక్కు పట్టుకుని దిగాను. ఈ పిల్లకు ఒత్తులు ఒక్కటీ సరిగ్గా రావడం లేదు, ఎప్పటి నుంచి చెబుతావో అది చెప్పు అన్నాను. ఆమె నా వైపు చూసిన చూపులో ఎంత కోపం ఉందో! ఆ కోపాన్ని చూసి నాకు ప్రాణం కుదుటపడింది. పుస్తకం అక్కడే వదిలి వచ్చాను.

మూడో రోజు పిలిచింది. తప్పులన్నిటి కిందా వంకర టింకర ఎర్రగీతలు ఉన్నాయి. ఆమె ఎడమ చేత్తో పుస్తకం చాచింది. నేను కుడి చేయి చాచి తీసుకున్నాను.